ఉబ్బిన నరాలకు ఎంజైమ్ గోలీయా, ఎంజైమ్‌ను ఆపే గోలీయా?

ఎనుమాముల కాంటా · ఆదివారం రాత్రి 9:40

అన్నలకు, అక్కలకు నమస్తే. నాకు 44 ఏండ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో కాంటా కాడ పని. మిర్చి సీజన్ వచ్చిందంటే పొద్దుగాల ఆరింటికి నిలబడితే మళ్ళీ కూర్చునేది అన్నం తినేటప్పుడే. ఎడమ పిక్క మీద నరాలు వానపాముల్లా తేలి ఎనిమిదేండ్లయింది. నొప్పి లేదు కదా అని వదిలేశా. ఈ ఏడాది చీలమండ లోపలి వైపు తోలు మాడిన అట్టులా నల్లబడింది, ఒకటే దురద. సాయంత్రం సాక్సు విప్పితే దాని అంచు పడ్డ చోట వేలు పట్టేంత గాడి.

సర్జన్ దగ్గరికి పోయి, నరంలో రక్తం ఎటు పారుతుందో చూసే డాప్లర్ స్కాన్ తీయించుకున్నా. "రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు పనిచేయట్లేదు, లేజర్‌తో ఆ నరాన్ని మూయించుకుంటే మంచిది. ఆలస్యం చేసినకొద్దీ లోపల ఎంజైమ్‌లు నరం గోడను తింటూనే ఉంటాయి" అన్నారు. బయటికొచ్చి మందుల షాపులో వాపు ఉందంటే ట్రిప్సిన్ కైమోట్రిప్సిన్ గోలీలు ఇచ్చారు. ఎంజైమ్ గోలీ అన్నా, వాపు లాగేస్తది అన్నారు. ఇంటికొస్తే మా బామ్మర్ది ఫోన్‌లో ఏదో చదివి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఆ ఎంజైమ్‌లను ఆపుతదట బావా అని ఇంకో స్ట్రిప్పు తెచ్చాడు.

ఒకటి ఎంజైమ్. ఒకటి ఎంజైమ్‌ను ఆపేది. రెండూ నా కాలికే మంచివంటే ఎట్లా? స్ట్రిప్పులు రెండూ టీవీ పక్కన ఉన్నాయి, ఇంకా ఏదీ మింగలేదు.

మందుల షాపు తమ్ముడు · 9:58

ట్రిప్సిన్ గోలీ ఏం చేయదు అన్నా, భయపడకు. దెబ్బ తగిలినా, పన్ను పీకించుకున్నా అందరూ వాడేదే.

కండక్టరమ్మ · 10:05

"ఏం చేయదు" అంటున్నావు, అదే కదా సమస్య తమ్ముడూ 😄

కాంటా అన్నా, నాకు రెండో కాన్పు నుంచి ఉంది ఈ బాధ. బస్సులో డ్యూటీ అంటే తెలుసు కదా. ఏది మింగినా ముందు ఒక మాట డాక్టర్‌ను అడుగు. ఎంజైమ్‌ల సంగతి చెప్పేవాళ్ళు మన గ్రూపులోనే ఉన్నారు, వస్తారు.

జీవరసాయనం పీజీ · 10:31

వచ్చా అక్కా.

కాంటా అన్నా, పేరు ఒకటే అయినంత మాత్రాన అవన్నీ చుట్టాలు కావు. ఎంజైమ్ అంటే ఒంట్లో పని చేసిపెట్టే ప్రొటీన్, అంతే. అన్నం నమిలేకొద్దీ తియ్యగా అనిపించేలా చేసేదీ ఎంజైమే, సబ్బు పొడిలో మరక వదిలించేదీ ఎంజైమే. షాపులో ఇచ్చిన ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ జీర్ణానికి పనికొచ్చే ఎంజైమ్‌లు. మీ డాక్టర్ గారు చెప్పింది వేరే కుటుంబం గురించి. వాటి పూర్తి పేరు మ్యాట్రిక్స్ మెటలోప్రొటీనేజ్‌లు, మేం ఎం.ఎం.పి. అంటాం. మనిషిలో 23 రకాలున్నాయి. ఒక్కోదాని నడుమ ఒక జింక్ పరమాణువు ఉంటుంది, కోత పని అక్కడే జరుగుతుంది.

వీటిలో మొదటిదాన్ని 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ అనే ఇద్దరు తోకకప్పల్లో పట్టుకున్నారు. తోకకప్ప కప్ప అయ్యేటప్పుడు తోక తెగి పడదు, కరిగి ఒంట్లో కలిసిపోతుంది. కొల్లాజెన్ లాంటి గట్టి నారను ఏది కరిగిస్తోందని వెతికితే దొరికిన ఎంజైమ్ అది. అంటే ఇవి పుట్టు దొంగలేం కావు. పాత నారను కోసి కొత్తదానికి చోటు చేయడం వీటి ఉద్యోగం. గాయం మానాలన్నా ఇవి కావాల్సిందే.

మీ భాషలో చెప్తా. కాంటాకు ఒక పక్క ఈ కత్తెరలు. రెండో పక్క వాటిని పట్టి ఉంచే ప్రొటీన్లు, వాటి పేరు టింప్‌లు, నాలుగు రకాలు. ఒక్కో టింప్ ఒక్కో కత్తెర నోట్లో ఇరుక్కుని దాన్ని కదలనివ్వదు. ఒకటికి ఒకటి, మీ బస్తాల లెక్క లాగే. ముల్లు మధ్యలో ఉన్నంతకాలం నరం గోడ బాగుంటుంది. ముల్లు కత్తెరల వైపు ఒరిగితే గోడలోని సాగే నార పోతుంది, గోడ వదులవుతుంది, నరం వంకర్లు తిరుగుతుంది.

బయాలజీ సారు, రిటైర్డ్ · 10:44

పీజీ బాబు బాగా చెప్పాడు. నాదొక చిన్న గొణుగుడు. "నరం గోడ" అనకండయ్యా. రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్ళేది సిర. గుండె నుంచి తెచ్చేది ధమని. మెదడు కబురు మోసేది నాడి. మనవాళ్ళకు మూడూ నరమే. ముప్పై ఒక్క ఏళ్ళు బోర్డు మీద రాశాను, బడి దాటగానే మళ్ళీ నరమే.

ఇది వట్టి భాషా చాదస్తం కాదు. మా ఇంటి వెనకాయన "నరాల జబ్బు" అనుకుని నరాల డాక్టర్ దగ్గరికి పోయి, ఏడాది పాటు బలానికి సూదులు వేయించుకున్నాడు. ఆయన జబ్బు సిరల్లో ఉంది, మందు నాడులకు పడింది.

కండక్టరమ్మ · 10:49

సార్, మీరు నిలబడి పాఠం చెప్పిన ముప్పై ఒక్క ఏళ్ళకు మీ సిరలు ఎలా ఉన్నాయి?

బయాలజీ సారు, రిటైర్డ్ · 10:52

రెండు కాళ్ళకూ ఉన్నాయమ్మా. అందుకే ఈ గ్రూపులో ఉన్నాను.

ఎనుమాముల కాంటా · 11:10

కాంటా లెక్క మస్తు అర్థమైంది తమ్మీ. మరి ముల్లు ఎందుకు ఒరిగింది? నేనేం తిన్నా? ఇంకోటి, ఆ కత్తెరలకు ఆపే మందు ఉంటే మింగితే అయిపోతది కదా, లేజర్ దాకా ఎందుకు?

జీవరసాయనం పీజీ · 11:48

తిండి వల్ల కాదన్నా. బరువు వల్ల. నీటి బరువు లాంటిదే, రక్తం బరువు.

కదలకుండా నిలబడితే గుండె నుంచి చీలమండ దాకా ఉన్న రక్త స్తంభం బరువంతా కింద పడుతుంది. చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి బీపీ కొలిచే లెక్కలోనే 80, 90 దాకా ఉంటుంది. నడిస్తే పిక్క కండ రక్తాన్ని పైకి పిండుతుంది, కవాటాలు తిరిగి కిందికి రానివ్వవు, ఒత్తిడి 30 లోపుకు దిగుతుంది. కవాటాలు పోయినవాళ్ళకు నడిచినా దిగదు. మీరు పొద్దంతా నిలబడ్డారు, అంటే పొద్దంతా సిర గోడ సాగే ఉంది. సాగిన గోడలోని కణాలు ఎం.ఎం.పి.లను ఎక్కువగా వదులుతాయి. రక్తం నిలిచిన చోట తెల్లకణాలు గోడకు అతుక్కుని, లోపలికి దూరి, తమ వంతు కత్తెరలు తామూ వదులుతాయి. గోడ ఇంకా వదులవుతుంది, కవాటాల అంచులు కలవవు, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

మీ నల్ల మచ్చ సంగతి కూడా ఇదే. ఆ ఒత్తిడికి ఎర్రకణాలు సన్న నాళాల నుంచి బయటికి కారి తోలు కింద పగులుతాయి. వాటిలోని ఇనుము అక్కడే పేరుకుపోతుంది. ఒక రకంగా అది తుప్పు మరక. ఆ ఇనుము మళ్ళీ కత్తెరలను రెచ్చగొడుతుంది. చర్మం నల్లబడితే జబ్బు లెక్కలో నాలుగో మెట్టు. ఆరో మెట్టు మానని పుండు.

ఎనుమాముల కాంటా · 11:55

ఇనుము అంటే ఇగ గోంగూర, తోటకూర బంద్ చేయాల్నా?

జీవరసాయనం పీజీ · 11:57

వద్దన్నా 😄 అది కంచం నుంచి వచ్చిన ఇనుము కాదు, కాలిలో కారిన రక్తంలోది. గోంగూర హాయిగా తినండి.

మందు సంగతి రేపు రాస్తా, పొద్దున ల్యాబ్ ఉంది.

పరకాల బిడ్డ · సోమవారం ఉదయం 6:20

ఈ మాటలన్నీ మూడేండ్ల కింద తెలిసి ఉంటే బాగుండేది. మా అవ్వకు ఆ ఆరో మెట్టే. నాట్లేసి, కలుపు తీసి నలభై ఏండ్లు పొలంలో ఉన్న మనిషి. చీలమండ లోపలి పక్క ముందు నల్లబడ్డది, తర్వాత గోకిన కాడ చిన్న పుండు. పసుపు, సున్నం పెట్టినం. ఆకు పసరు పోసినం. ఒక చిన్న ఆస్పత్రిలో వారం వారం యాంటీబయాటిక్ మారుస్తూ తొమ్మిది నెలలు కట్లు కట్టారు. రూపాయి బిళ్ళంత పుండు అరచేయంత అయింది. పుండు నుంచి నీరు కారుతనే ఉండేది, చీర అంచు తడిసి అతుక్కునేది. పెండ్లికి పిలిస్తే పోయేది కాదు, వాసన వస్తదని.

సిస్టరమ్మ · సోమవారం మధ్యాహ్నం 2:15

నైట్ డ్యూటీ దిగి పడుకుని లేచా. పంతొమ్మిదేళ్ళుగా కట్లు కడుతున్నా, ఈ ముచ్చటలో నేను మాట్లాడకపోతే ఎట్లా.

పరకాల చెల్లీ, ఆ కారే నీటిలోనే ఉంది అసలు సంగతి. మామూలు గాయం నీరు మానడానికి సాయపడుతుంది. ఈ పుండు నీటిలో కత్తెరలు మరీ ఎక్కువ, ఆపేవి మరీ తక్కువ. కొత్త తోలు ఒక పక్క అల్లుకుంటుంటే ఇంకో పక్క కోసేస్తుంటాయి. చీము పట్టి జ్వరమో, చుట్టూ ఎర్రగా మంటో ఉంటే తప్ప యాంటీబయాటిక్‌తో ఈ పుండు మానదు. కావాల్సింది ఒత్తిడి కట్టు. కాలి వేళ్ళ మొదలు నుంచి మోకాలి కింద దాకా, చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా. పుండును చూసి కట్టకూడదు, కాలును చూసి కట్టాలి.

ఒక హెచ్చరిక. బీడీలు, సిగరెట్లు తాగేవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేవాళ్ళు ముందు ధమనులు పరీక్ష చేయించుకోవాలి. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 0.8 కంటే తక్కువ వస్తే డాక్టర్ చెప్పకుండా గట్టి కట్టు కట్టొద్దు. కిందికి రక్తమే సరిగా రాని కాలును బిగిస్తే వేళ్ళు నల్లబడతాయి. ఇది నేను కళ్ళారా చూశా.

పరకాల బిడ్డ · 2:40

అవును అక్కా, చివరికి అట్లనే మానింది. వరంగల్‌లో ఒక సర్జన్ ఒత్తిడి కట్టు వేయించి, కొన్నాళ్ళకే లేజర్ చేశారు. నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు అక్కడ తెల్లటి మచ్చ ఉంది. మొన్న బోనాలకు వచ్చింది అవ్వ.

జీవరసాయనం పీజీ · సోమవారం రాత్రి 8:30

పరకాల అక్క చెప్పింది పరిశోధనలతో కూడా సరిపోతుంది. 2018లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక పెద్ద పరీక్షలో పుండు ఉన్నవాళ్ళకు కట్టుతో పాటు పాడైన సిరను వెంటనే మూసేస్తే సగం మందికి 56 రోజుల్లో మానింది. తర్వాత చూద్దాంలే అని ఆపితే 82 రోజులు. 2004 నాటి ఇంకో పరీక్షలో ఆపరేషన్ చేసినా మొదటిసారి మానే వేగం మారలేదు కానీ, ఏడాదిలో మళ్ళీ పుండు వచ్చినవాళ్ళు కట్టు మాత్రమే కట్టుకున్నవాళ్ళలో 28 శాతం, ఆపరేషన్ కూడా అయినవాళ్ళలో 12 శాతం.

ఇక మందు. కాంటా అన్న బామ్మర్ది చదివింది అబద్ధం కాదు. డాక్సీసైక్లిన్ సూక్ష్మజీవులను ఆపడమే కాక ఎం.ఎం.పి.లను కూడా కొంత ఆపుతుంది. చిగుళ్ళ జబ్బుకు 20 మిల్లీగ్రాముల చిన్న మోతాదు, రోజుకు రెండుసార్లు, ఈ పని కోసమే అమెరికాలో 1998లో అనుమతి పొందింది. మీ టీవీ పక్కన ఉన్నది 100 మిల్లీగ్రాములది అయ్యుంటుంది, అది యాంటీబయాటిక్ మోతాదు. చిగుళ్ళలో పనిచేసింది కాబట్టి పిక్కలో పనిచేస్తుందని లేదు. పొట్టలో పెద్ద ధమని ఉబ్బే జబ్బుకు ఇదే ఆలోచనతో రెండేళ్ళు ఇచ్చి చూశారు, 2020లో ఫలితం వచ్చింది. ఉబ్బు పెరగడం ఆగలేదు.

కత్తెరలన్నిటినీ ఒకేసారి కట్టేసే మందులు కూడా చేశారు, క్యాన్సర్ కోసం. మారిమాస్టాట్ వాటిలో ఒకటి. క్యాన్సర్ తగ్గలేదు సరికదా, జనం భుజాలు, కీళ్ళు పట్టేసి అవస్థ పడ్డారు. మంచి పని చేసే కత్తెరలనూ ఆపితే అంతే మరి.

ట్రిప్సిన్ గురించి ఒక తమాషా. ల్యాబ్‌లో నిద్రపోతున్న ఎం.ఎం.పి.ని లేపాలంటే వాడేవాటిలో ట్రిప్సిన్ ఒకటి. ఎం.ఎం.పి.లు కణం నుంచి మూత పెట్టుకునే బయటికి వస్తాయి, ట్రిప్సిన్ ఆ మూతను కోసేస్తుంది. గోలీ మింగితే కాలిలో అదే జరుగుతుందని నేను అనట్లేదు. కానీ మీ వాపు దెబ్బ వాపు కాదు, దిగని ఒత్తిడికి ఊరిన నీరు. దానికి ఆ గోలీ మందు కాదు.

మందుల షాపు తమ్ముడు · 8:47

అందరూ షాపు మీదే పడ్డారు. చీటీ లేకుండా వాపు అని అడిగితే ఏమివ్వాలి మేము? ఇయ్యకపోతే పక్క షాపుకు పోతారు. సరే, ఉబ్బిన నరాలకు రాసే డయోస్మిన్ గోలీ అయినా పనిచేస్తదా లేదా చెప్పు. పెద్ద డాక్టర్లే రాస్తారు కదా.

జీవరసాయనం పీజీ · 9:02

కోపం వద్దన్నా, మంచి ప్రశ్న అడిగావు. డయోస్మిన్ 450, హెస్పెరిడిన్ 50 కలిసిన 500 మిల్లీగ్రాముల గోలీ కాళ్ళు బరువెక్కడాన్ని, వాపును, గుంజుడును కొంత తగ్గిస్తుంది. తెల్లకణాలు గోడకు అతుక్కోకుండా చూస్తుంది, అంటే కత్తెరలు మోసుకొచ్చేవాళ్ళను గేటు దగ్గరే ఆపినట్టు. సులోడెక్సైడ్ అని ఇంకోటి ఉంది, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ జాతిది, ఎం.ఎం.పి.-9 విడుదలను తగ్గిస్తుందని ల్యాబ్‌లో చూపించారు, పుండ్లకు కట్టుతో పాటు ఇస్తుంటారు. రెండూ డాక్టర్ రాయాల్సినవే. రెండూ పోయిన కవాటాన్ని తిరిగి తేలేవు.

బయాలజీ సారు, రిటైర్డ్ · 9:30

పీజీ బాబూ, నీ కాంటా పోలిక ముచ్చటగా ఉంది. కానీ అంత సాఫీగా ఉందంటే నాకు అనుమానమే. సిరలు ఉబ్బిన ప్రతివాడి గోడలోనూ కత్తెరలే ఎక్కువగా దొరికాయా?

జీవరసాయనం పీజీ · 9:51

పట్టేశారు సార్. లేదు. ఉబ్బిన సిర ముక్కలు తీసి కొలిస్తే ఒక ల్యాబ్‌లో కత్తెరలు ఎక్కువ, ఇంకో ల్యాబ్‌లో తక్కువ. కొందరికైతే ఆపే టింప్-1 ఎక్కువగా కనిపించింది. గోడలో ఒక చోట నార కరిగి పలచబడుతుంది, ఇంకో చోట కొల్లాజెన్ పేరుకుని మందంగా, బిరుసుగా అవుతుంది. ఒకే సిరలో రెండూ ఉంటాయి. పుండు దశకు వస్తే మాత్రం ల్యాబులన్నీ దాదాపు ఒకే మాట చెప్తాయి, కత్తెరలదే రాజ్యం. కాబట్టి నా కాంటా పోలిక పరకాల అవ్వ పుండుకు బాగా అతుకుతుంది, కాంటా అన్న పిక్కకు సగమే.

ఇంకోటి కూడా వదిలేశా. ఎం.ఎం.పి.-2 నారను కోయడమే కాదు, సిర గోడ కండను సడలిస్తుంది కూడా. గోడ తెగకముందే వదులవుతుంది.

సిస్టరమ్మ · 10:15

మీ ల్యాబ్ మాటలు నాకు సగం అర్థం కాకపోయినా ఒకటి చెప్తా. ఒత్తిడి కట్టు కట్టిన కొన్ని వారాలకు పుండు ముక్క తీసి కొలిస్తే ఆ కత్తెరలు తగ్గాయని మాకు ఒక ట్రైనింగులో చెప్పారు. నిజమేనా తమ్మీ?

జీవరసాయనం పీజీ · 10:19

నిజమే సిస్టర్. నాలుగు వారాల కట్టుతోనే తగ్గాయి, బాగా తగ్గినవాళ్ళకు పుండూ తొందరగా మానింది. ఇన్నేళ్ళు అందరూ గోలీ కోసం వెతుకుతున్న పని మీ చేతిలోని గుడ్డ చేస్తోంది.

ఎనుమాముల కాంటా · మంగళవారం రాత్రి 9:05

ఇవాళ రిపోర్టు పట్టుకుని మళ్ళీ సర్జన్ దగ్గరికి పోయినా. తొడ దాకా పోయే పెద్ద సిరలో రక్తం 2 సెకన్లకు పైగా వెనక్కి జారుతోందట, అర సెకను దాటితేనే తేడా అంటారట. డాక్సీసైక్లిన్ స్ట్రిప్పు చూపిస్తే నవ్వి, "ఎండలో పనిచేసేవాడివి, అది మింగి యార్డులో నిలబడితే ఒళ్ళు మండుతుంది" అన్నారు. షుగర్ చూశారు, లేదు. చీలమండ బీపీ చూశారు, బాగుంది. లేజర్‌కు సీజన్ అయ్యాక రమ్మన్నారు, అప్పటిదాకా కాలిని బిగించే క్లాస్ 2 ఒత్తిడి సాక్సు. చీలమండ దగ్గర 23 నుంచి 32 ఒత్తిడి ఉంటదట. పద్నాలుగు వందలు పెట్టి కొన్నా.

ఇప్పుడు బాధ ఏందంటే అది ఎక్కట్లేదు. ఇంటికొచ్చి నేనూ, మా ఇంటామె కలిసి అరగంట గుంజినం. కాలు సగం దాకా పోయి మడత పడ్డది. చెమటకు అసలే జారదు.

కండక్టరమ్మ · 9:20

హహహ, మొదటి వారం మా ఇంట్లోనూ ఇదే సర్కస్. విను అన్నా. మంచం దిగకముందే వేసుకోవాలి, దిగి చాయ్ తాగి వస్తే అప్పటికే కాలిలో నీరు దిగి ఉంటుంది. కాలి వేళ్ళకు పల్చటి పాలిథిన్ కవరు తొడుగు. సాక్సును మడమ దాకా లోపలి వైపు తిప్పి, ముందు పాదం మాత్రం దూర్చు, మడమ సరిగ్గా మడమ మీద కూర్చోవాలి. తర్వాత కొంచెం కొంచెం పైకి. అంతా అయ్యాక వేళ్ళ కాడ చీలిక నుంచి కవరు లాగేసెయ్. వేళ్ళు మూసి ఉండే రకం కొంటే ఈ కవరు ఉపాయం పనికిరాదు. రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే పట్టు దొరుకుతుంది.

పై అంచు మాత్రం మడవకు. మడిచిన చోట ఒత్తిడి రెట్టింపు అయి కాలును కోస్తుంది.

సిస్టరమ్మ · 9:34

మడత మాట నూటికి నూరు పాళ్ళు నిజం. రాత్రి పడుకునేటప్పుడు విప్పు, మంచం కాళ్ళ వైపు రెండు ఇటుకలు పెట్టు. నల్లబడ్డ చోట కొబ్బరినూనె రాత్రి రాయి, పొద్దున సాక్సు కింద రాయకు, రబ్బరు పాడవుతుంది. గోకకు. ఆ తోలు మీద గోటి గీత కూడా పుండు అవుతుంది. కాంటా కాడ నిలబడ్డప్పుడు ఊరికే మడమలు ఎత్తి దించుతూ ఉండు, పిక్క పంపు కొడుతున్నట్టు. ఆరు నెలలకు ఆ సాక్సు సాగిపోతుంది, కొత్తది కొనాలి. చేతితో ఉతుకు, నీడలో ఆరెయ్.

మందుల షాపు తమ్ముడు · 9:41

కాంటా అన్నా, ఆ ట్రిప్సిన్ స్ట్రిప్పు తెరవకపోతే తెచ్చివ్వు, వేరే షాపైనా సరే, బిల్లు ఉంటే మాట్లాడి పైసలు ఇప్పిస్తా.

ఎనుమాముల కాంటా · శుక్రవారం రాత్రి 8:50

కవరు ఉపాయం పనిచేసింది అక్కా. అయిదు నిమిషాల్లో ఎక్కింది. స్ట్రిప్పు తిరిగిచ్చేసినా, తమ్ముడికి థ్యాంక్స్.

ఇవాళ సాయంత్రం వాపు లేదు, వేలు పెట్టి నొక్కినా గుంట పడలేదు. కాకపోతే ఇవాళ యార్డుకు సెలవు, పొద్దంతా ఇంట్లోనే కాళ్ళు చాపుకుని ఉన్నా.

సిస్టరమ్మ · 9:02

సెలవు రోజు లెక్కలోకి రాదు తమ్మీ. సోమవారం కాంటా దిగి ఇంటికి రాగానే పిక్క చుట్టు కొలత, చీలమండ చుట్టు కొలత టేపుతో తీసి ఇక్కడ పెట్టు. టేపు ఎక్కడ పెట్టావో పెన్నుతో గీత గీసుకో, లేకపోతే మంగళవారం ఇంకో చోట కొలుస్తావు.